దుంపలు కొనే ముందు ఒక్కసారి తవ్వి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో మొక్కల ప్రశ్నలు, జవాబులు చదివాను. నరసాపురం నుంచి ఒక సోదరి అడిగారు: ‘మా పెరట్లో నేల సంపెంగ మడి ఉంది. మొదటి రెండేళ్లు విరగబూసింది. ఇప్పుడు మూడేళ్లయింది, ఆకు గుబురుగా ఉంటుంది కానీ ఒక్క కాడ కూడా రావడం లేదు. ఏం చెయ్యాలి?’ దానికి మీవాళ్లు ఇచ్చిన జవాబు రెండు ముక్కలు. కుదురుకి చెంచాడు చొప్పున యూరియా, డీఏపీ వెయ్యమన్నారు. అప్పటికీ పూయకపోతే పాతవి తీసి పారేసి కొత్త దుంపలు కొని నాటుకోమన్నారు.

ఆ జవాబు చదివి నాకు మనసు ఆగలేదండి. తప్పు పట్టాలని కాదు. ఆవిడ రేపే పలుగు తీసుకుని ఆ మడి ఎత్తి చెత్తబండిలో వేయించేస్తుందేమోనని భయం. ఆ మట్టి కింద వంద దుంపలకు తక్కువ ఉండవు. అన్నీ బతికే ఉంటాయి. వాటికి కావలసింది యూరియా కాదు, చోటు. నాకు ఇది తెలియడానికి నాలుగేళ్లూ ఒక తుఫానూ పట్టాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టి చదవండి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా 1988లో చేరి 2020లో రిటైరయ్యాను. మాది మండపేట. సర్వీసులో ఎక్కువ భాగం రాజమండ్రి రూటులోనే తిరిగాను, ద్వారపూడి, కడియం మీదుగా. తెల్లవారకముందే బయల్దేరే మొదటి బస్సు నాకు బాగా ఇష్టం. కడియం దగ్గర పూలవాళ్లు ఎక్కేవారు. తడి గోనెలో చుట్టిన మూటలు, వెదురు బుట్టలు. చామంతి, కనకాంబరం, మల్లె, లిల్లీ. మా వైపు పూల మార్కెట్లో లిల్లీ అంటే నేల సంపెంగే. బస్సు నిండా చీకటి, ఆ వాసన. లగేజీ టికెట్టు కొడుతున్నప్పుడు ఒక అమ్మ నాలుగు కాడలు తీసి డ్రైవరు ముందున్న దేవుడి పటానికి పెట్టేది. సాయంత్రం ఆఖరి ట్రిప్పుకి కూడా ఆ కాడ మీద కొత్త మొగ్గ విచ్చుకుంటూనే ఉండేది. అది చూసే నాకు మా ఇంట్లో వెయ్యాలన్న కోరిక పుట్టింది.

1993లో కడియపులంకలో ఒక నర్సరీ దగ్గర 12 దుంపలు కొన్నాను. ఒంటిరెక్క రకం. మా పెరట్లో కొబ్బరిచెట్టుకి రెండు బారల దూరంలో చిన్న మడి చేసి నాటాను. 94లో పూసింది, 95 మొదట్లో కూడా బాగానే పూసింది. మా ఆవిడ సాయంత్రం పూట కాడ మీది పూలు రెండు మూడు తుంచి జడలో పెట్టుకునేది, మిగతావి దేవుడికి. తరవాత తగ్గిపోయింది. 96 వేసవికి పూర్తిగా ఆగిపోయింది. ఆకు మాత్రం గడ్డి దుబ్బులా పెరిగిపోయింది.

నేనూ అప్పుడు మీవాళ్లు చెప్పిందే చేశాను. యూరియా వేశాను. తిండి చాలక పూయడం లేదనుకున్నాను. ఆకు ఇంకా ఏపుగా, ముదురాకుపచ్చగా వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, కాడ లేదు. మరికాస్త వేశాను. మా ఆవిడ ‘ఏవండీ, దానికి ఒంట్లో బాలేదేమో, వదిలెయ్యండి’ అనేది. ఆ ఏడాదంతా అలాగే గడిచింది.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా జిల్లాలో ఆ కాలపువాళ్లు ఎవరూ మరిచిపోలేరు. కోనసీమలో కొబ్బరితోటలు వరసకి వరస పడుకుండిపోయాయి. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ దుఃఖం ముందు పూలమొక్కల మాట ఎత్తడం నాకే ఇబ్బందిగా ఉంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ రాత్రి మా పెరట్లో కొబ్బరిచెట్టు వేళ్లతో సహా లేచి పడింది. అది లేచినప్పుడు సంపెంగ మడి సగం దాని వేళ్ల గడ్డతో పాటు పైకి తేలి చీలిపోయింది. తెల్లారి చూస్తే బురదలో ఎక్కడ చూసినా దుంపలే. ఇంటి పెంకులు ఏరుకునేవాళ్లం, రోడ్డు మీద చెట్లు నరికేవాళ్లం, డ్యూటీకి పరిగెత్తేవాళ్లం, ఎవరికి పట్టింది? మా ఆవిడ మాత్రం ఆ దుంపలన్నీ ఒక గమేళాలోకి ఏరి, వసారాలో మూలకి నెట్టింది. మిగిలిన సగం మడిని కూడా చెట్టు ముక్కలు లాగేటప్పుడు కూలీలు తవ్వేశారు. అవీ గమేళాలోకే వెళ్లాయి. తరవాత వాటి సంగతి ఇద్దరం మరిచిపోయాం.

సంక్రాంతి వెళ్లాక వసారా ఊడుస్తుంటే కనిపించాయి. మట్టి ఎండి రాలిపోయింది, ముట్టుకుంటే విడివిడిగా ఊడి వస్తున్నాయి. పారెయ్యడం ఇష్టం లేక కొబ్బరిచెట్టు పడిన గుంట పూడ్చిన చోట, ప్రహరీ పక్కన, నూతి దగ్గర, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గుచ్చేశాం. ఎరువు లేదు, లెక్క లేదు. ఆ వేసవిలో, మే నెల దాటకుండానే, మా పెరట్లో ముప్పై కాడలకి పైగా లేచాయి. రాత్రి కిటికీ తెరిస్తే ఇల్లంతా వాసన. ఏడాదంతా యూరియా పోసినా రాని పువ్వు, తుఫానుకి పెరికి పడేస్తే ఎలా వచ్చిందో నాకు అంతు పట్టలేదు.

మొదటి బస్సులో నర్సరీ పనికి వెళ్లే ఒక పెద్దావిడ ఉండేది. ముప్పై ఏళ్ల నుంచి కడియంలో అంట్లు కట్టడం, దుంపలు విడదీయడమే ఆవిడ పని. ఆవిడకి ఈ సంగతి చెప్పాను. టికెట్టు డబ్బులు కొంగుముడి విప్పుతూనే చెప్పింది. ‘ఆయ్, అంతే కదండీ కండక్టరు బాబూ. సంపెంగ దుంప ఒక్కసారే కాడేత్తాది. ఏసిన దుంప మళ్లీ ఎయ్యదు. దాని చుట్టూ పిల్లలు పుడతాయి, ఇంక ఆటిదే పూత. పిల్లలన్నీ తల్లినే అంటుకుని కూకుంటే దేనికీ ఒళ్లు రాదు. ఇడదియ్యాలండి. ఇడదీసి, ఎండబెట్టి, నిద్రపోనిచ్చి, అప్పుడు నాటాలి. తుఫానోడు మీకు ఆ పని ఉత్తినే చేసి పెట్టాడు.’

ఈ ముక్క మీ పత్రిక పాఠకులందరికీ తెలియాలన్నదే నా కోరిక. నేల సంపెంగలో ఒక దుంప జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పూశాక అది మెల్లగా క్షీణిస్తుంది, దాని ఒంట్లోంచి పుట్టిన పిలకలు పెరుగుతాయి. మనం ‘పాత మొక్కే ఏటా పూస్తోంది’ అనుకుంటాం కానీ నిజానికి ఏటా పూసేది పిలకలే. మొదటి రెండేళ్లు చోటుంటుంది కాబట్టి కొన్ని పిలకలైనా పూసే సైజుకి ఊరతాయి. మూడో ఏటికి ఒక్క కుదురులో పాతిక, ముప్పై దుంపలు కిక్కిరిసిపోతాయి. నీరూ సారమూ అన్నీ పంచుకుంటాయి, ఏదీ పూసేటంత లావు కాదు. యూరియాలో ఉండేది నత్రజని, అలాంటి మడికి అది ఎక్కువేస్తే ఆకే వస్తుంది. నరసాపురం సోదరి మడి సరిగ్గా ఈ దశలోనే ఉంది. రెండేళ్లు పూసి ఆగిపోయిందని ఆవిడే రాశారు కదా, అందులోనే జవాబు ఉంది.

విడదీసే పద్ధతి మేం ఇన్నేళ్లలో చేస్తూ చేస్తూ కుదుర్చుకున్నది చెబుతాను. మా ఇంట్లో దీనికి ఒక లెక్క ఉంది. సంక్రాంతి వెళ్లాక తవ్వుతాం, శివరాత్రికి నాటుతాం. చలికాలంలో పూత ఆగి ఆకు చివర్లు పసుపెక్కుతాయి. ధనుర్మాసం సగంలో నీళ్లు పెట్టడం మానేస్తాం. కనుమ వెళ్లిన మర్నాడో, ఆ వారంలోనో తవ్వుతాం. నేల కాస్త పొడిగా ఉండాలి, మరీ బిగిసిపోకూడదు. మాది నల్లమట్టి, తడిగా ఉంటే దుంపకి బంకలా అంటుకుపోతుంది, ఎండితే రాయి.

తవ్వేటప్పుడు కుదురు మొదట్లో పార దించకండి. జానెడు దూరంలో చుట్టూ గునపం దించి, కిందనుంచి మొత్తం గడ్డని లేపాలి. పార పడి తెగిన దుంప నిలవ ఉండదు, పక్కవాటిని కూడా కుళ్లబెడుతుంది. లేపాక నీళ్లతో కడగొద్దు. ఆకుల్ని రెండంగుళాలు ఉంచి కోసేసి, మట్టి దులిపి, గడ్డని గడ్డగానే రెండు మూడు రోజులు నీడన ఉంచండి. మట్టి ఎండి రాలిపోయాక చేత్తో మెలిపెడితే పిలకలు వాటంతటవే ఊడివస్తాయి. కత్తి అవసరం దాదాపు రాదు. ఎక్కడైనా కోయాల్సి వస్తే కోసిన చోట బూడిద అద్దుతాం.

పోయినేడు ఒక్క కుదురు లెక్కపెట్టాం. 34 వచ్చాయి. అందులో ఉసిరికాయంత లావున్నవి 5. వేరుశెనగ కాయంతవి ఓ పది, మిగతావి బఠాణీ గింజంత. మధ్యలో పూసిపోయిన తల్లి దుంప, పాత కాడ మొదలు ఎండి కర్రలా కనిపిస్తుంది. దాన్ని గుర్తుపట్టడం ఒకసారి వస్తే ఇంక మరిచిపోరు. అది తీసేయాలి. ఉసిరికాయంతవి ఆ ఏడే పూస్తాయి, నాటిన మూడు నాలుగు నెలల్లో. చిన్నవాటిని పారెయ్యకండి, వేరే మడిలో దగ్గర దగ్గరగా వేసి ఒక ఏడాది పెంచితే మరుసటేటికి అవే పెద్దవవుతాయి. మా ఆవిడ ఈ చిన్నవాటి మడిని ‘బాలవాడీ’ అంటుంది. కలుపు తియ్యడం, నీళ్లు పెట్టడం అంతా తనే, నన్ను ముట్టుకోనివ్వదు.

విశ్రాంతి సంగతి చాలామంది వదిలేస్తారు. తవ్విన రోజే విడదీసి నాటేస్తారు. మేం నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనిస్తాం. గాలి ఆడే చోట, నీడలో, గోనె మీద ఒకే వరసగా పరుస్తాం. వారానికి ఒకసారి తిరగేస్తాం. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెడితే లోపల చెమర్చి బూజు పడతాయి. వెదురు బుట్ట మంచిది, ఉల్లిపాయలు వేసుకునే వల సంచి కూడా బాగానే పనిచేస్తుంది.

శివరాత్రికి మడి తయారు చేస్తాం. నిరుడు వేసిన చోట మళ్లీ వెయ్యం. మా నల్లమట్టికి మూడో వంతు గోదావరి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలుపుతాం. మడి నేల మట్టం కన్నా జానెడు ఎత్తుగా ఉండాలి, వానాకాలం నీరు నిలవకూడదు. జానెడు ఎడంగా, దుంప నెత్తి మీద రెండు మూడు వేళ్ల మట్టి పడేలా నాటుతాం. నాటే ముందు లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి అరగంట ముంచుతాం, చేతికి తొడుగు వేసుకుని. మందు వద్దనుకునేవాళ్లు ట్రైకోడెర్మా (తెగుళ్లని అణిచే మేలు చేసే బూజు) కలిపిన పశువుల ఎరువు వాడుకోవచ్చు. నాటిన రోజు ఒక తడి, మొలక కనిపించేదాకా మళ్లీ పొదుపుగానే. మొలక రాలేదని టెన్షన్ పడి రోజూ నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ దుంపలు పోగొట్టుకుంటారు. మంచి ఎండ పడాలి, అది మరిచిపోవద్దు. చెట్టు నీడలో ఎంత విడదీసినా పూయదు.

నేను చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా చెప్పాలి. 2003 ప్రాంతంలో డ్యూటీల వల్ల సంక్రాంతికి తవ్వడం కుదరలేదు. జూలైలో సెలవు దొరికింది కదా అని ముసురులో తవ్వాను. ఆకు పచ్చగా ఉంది, వేళ్లు తెల్లగా ఉన్నాయి, పూత దశలో ఉన్న మొక్కలు. అన్నీ పీకి విడదీసి అదే రోజు పల్లపు మడిలో నాటాను. పది రోజుల్లో ఆకు వాడి, మొదలు మెత్తబడి, లాగితే చేతిలోకి వచ్చేసింది. మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలు. అది మొదలుకుళ్లు. అరవై దాకా దుంపలు పోయాయి. మా ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. ఆ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి కుళ్లినవాటిని కంపోస్టులో వెయ్యకూడదని, కాల్చెయ్యాలని తరవాత వ్యవసాయశాఖ వాళ్లు చెప్పారు. ఆ చోట రెండేళ్లు బంతి వేశాం. వేళ్లకి ముడులు కట్టించే నులిపురుగుల్ని కూడా బంతి తగ్గిస్తుంది.

సంపెంగ గురించే చెప్పి ఆపేద్దామనుకున్నాను కానీ, చాలా ఇళ్లలో ఉండే మిగతా దుంపల సంగతి కూడా రెండు మాటలు చెప్పకపోతే ఎవరైనా అన్నిటికీ ఒకే పద్ధతి అనుకునే ప్రమాదం ఉంది. ఎర్ర లిల్లీ, అదే మాఘ, ఫాల్గుణాల్లో గరాటుల్లాంటి పెద్ద పూలు పూసేది, దాని దుంప పూశాక చచ్చిపోదు. ఏటా అదే పూస్తుంది. దానికి కొంచెం ఇరుకుగా ఉంటేనే ఇష్టం. మూడు నాలుగేళ్లకి ఒకసారి, పక్క పిల్లలు కుండీని పగలగొట్టేలా ఉన్నప్పుడు విడదీస్తే చాలు. నాటేటప్పుడు దుంప మెడ మట్టి పైన ఉండాలి, మూడో వంతు బయటికి కనపడాలి. మా గోదావరి మట్టిలో లోతుగా పాతితే మెడ దగ్గర నీరు పట్టి కుళ్లుతుంది. దాని పిల్ల పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

ఫుట్‌బాల్ లిల్లీని మా వైపు మే పువ్వు అంటారు. ఏడాదికి ఒక్కసారి, రోహిణి కార్తెలో నాలుగు చినుకులు పడగానే, నేల చీల్చుకుని ఎర్రటి బంతి ఒకటి వస్తుంది. ఆకు దాని వెనకే వస్తుంది. చలికాలానికి ఆకు ఎండిపోయి అసలక్కడ మొక్క ఉందన్న ఆనవాలే ఉండదు. అందుకే చాలా దుంపలు పార దెబ్బకి పోతాయి. మేం అది ఉన్న చోట ఒక పెంకు గుచ్చి ఉంచుతాం. దాన్ని అయిదారేళ్లకి ఒకసారి తప్ప కదపకండి. కదిపిన ఏడాది అలిగినట్టు పూయకపోవచ్చు, మరుసటేడు వస్తుంది. వాన లిల్లీలకైతే ఇంత నియమం లేదు. తొలకరికి దుబ్బు లేపి నాలుగు చేసి నాలుగు చోట్ల గుచ్చండి, చిన్న ఉల్లిపాయల్లా ఉంటాయి, పెద్ద వాన పడిన కొద్ది రోజులకే నేలంతా గులాబీ రంగో తెలుపో పరుచుకుంటుంది. మా డిపో గేటు పక్కన నేను గుచ్చినవి ఇప్పటికీ పూస్తున్నాయి.

ఒక హెచ్చరిక మాత్రం దయచేసి పెద్ద అక్షరాలతో వెయ్యండి. ఎర్ర లిల్లీ, మే పువ్వు, వాన లిల్లీ, తెల్ల స్పైడర్ లిల్లీ, ఈ దుంపలన్నీ విషం. తింటే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలే. మా ఇంట్లో ఒకసారి ఎర్ర లిల్లీ దుంపలు వంటింటి గుమ్మం దగ్గర ఉల్లిపాయల బుట్ట పక్కనే ఆరబెట్టాను. పండక్కి వచ్చిన మా వదినగారు ఉప్మాలోకి ఉల్లిపాయ అనుకుని ఒకటి తీసి కోసింది. ఘాటు రాలేదేంటని మా ఆవిడని పిలిచింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఏ పూల దుంపా మా వంటింటి వైపుకి రాదు, అన్నీ మంచం ఉన్న గదిలోనే. కుక్కలున్న ఇళ్లవాళ్లు, చిన్నపిల్లలున్నవాళ్లు ఇంకా జాగ్రత్త.

వానాకాలంలో ఈ లిల్లీ ఆకుల మీద నల్లటి గొంగళిపురుగులు వస్తాయి, ఒంటి మీద తెల్ల, ఎర్ర చుక్కలుంటాయి. రెండు రోజుల్లో ఆకంతా తినేసి దుంపలోకి దిగుతాయి. పొద్దున్నే చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేస్తే చాలు, మందు అక్కర్లేదు. చూడకుండా వదిలేస్తే మాత్రం మొక్క మిగలదు.

కొత్త దుంపలు కొనవద్దని నేను చెప్పడం నర్సరీల మీద కోపంతో కాదు. కడియం నర్సరీలవాళ్ల వల్లే నాకు మొక్క అంటే ఏమిటో తెలిసింది. కొత్త రకం కావాలంటే తప్పకుండా కొనుక్కోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తీసిన శృంగార్, ప్రజ్వల్ లాంటి ఒంటిరెక్క రకాలు మా పాత నాటు రకం కన్నా బాగా పూస్తాయి. ప్రజ్వల్ మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది, మా మడిలో 20 కుదుళ్లు ఇప్పుడు అవే. ముద్ద పువ్వు బొకేలకి బాగుంటుంది, దండకీ వాసనకీ ఒంటిరెక్కే. కానీ ఇంట్లో ఉన్నవి బతికుండగా పారేసి అవే మళ్లీ కొనడం ఏం బాగుంటుంది? ఆ కొత్తవి కూడా మూడేళ్లకి ఇలాగే కిక్కిరిసి ఆగిపోతాయి. అప్పుడు మళ్లీ కొనాలా?

ఈ పాతికేళ్లలో మా మడిలో మిగిలినవి ఎక్కడెక్కడికి వెళ్లాయో లెక్క చెప్పలేను. సర్వీసులో ఉన్నప్పుడు సంక్రాంతి తరవాత నెల రోజులు నా టికెట్ల సంచితో పాటు ఇంకో సంచి ఉండేది. రోజూ ఎక్కే టీచరమ్మలు, ద్వారపూడి బట్టల షాపుల్లో పనిచేసే పిల్లలు, పాలవాళ్లు, అడిగినవాళ్లకి అయిదేసి ఇచ్చేవాణ్ణి. ఎలా నాటాలో దిగే స్టాపు వచ్చేలోపు చెప్పేవాణ్ణి. ఏడాది తిరిగాక ‘కండక్టరు గారూ, పూసిందండీ’ అని కిటికీలోంచి అరిచిన పిల్ల మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. హైదరాబాదులో మా పెద్దమ్మాయి ఫ్లాటు బాల్కనీలో పన్నెండు అంగుళాల కుండీకి మూడు దుంపలు వేసి పెంచుతోంది. కుండీలో రెండేళ్లకే ఇరుకవుతాయి, తను ప్రతి రెండో ఏడు విడదీసి కింది ఫ్లోర్లవాళ్లకి పంచుతుంది. చిన్నమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. తనకీ నాలుగు సూట్‌కేసులో పెడదామని మా ఆవిడ గోల. కానీ తగిన ధ్రువపత్రం లేకుండా దుంపలు, మట్టి అమెరికాకి తీసుకెళ్లకూడదు. పురుగూ తెగులూ దేశం దాటకుండా పెట్టిన నియమం, న్యాయమైనదే. తను అక్కడి దుకాణంలోనే కొనుక్కుంది. మంచు పడే చోట్ల చలికి ముందే వీటిని తవ్వి ఇంట్లో పెట్టుకుని వసంతంలో మళ్లీ నాటుతారట. ‘నాన్నా, వీళ్లు ఏటా తవ్వుతారు, అందుకే వీళ్లకి పూత ఆగదు’ అంది ఫోన్లో. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో అని కూడా తనే చెప్పింది. నేను ఇన్నాళ్లూ కడియం అనుకున్నాను.

ఇక మీకు నా విన్నపం. పోయిన ఆదివారం జవాబుని సవరిస్తూ ఈ ఆదివారమే నాలుగు ముక్కలు వెయ్యండి. వచ్చే నెల వేస్తే లాభం లేదు. తవ్వే రోజులు ఇవే, ఎండలు ముదిరాక కొత్త వేరు వచ్చేస్తుంది, అప్పుడు కదిపితే ఈ ఏటి పూత పోతుంది. ప్రశ్న ఎంత చిన్నదైనా మడి వయసెంత, ఎప్పుడు నాటారు అని అడిగి జవాబు చెప్పమని మీ శీర్షిక చూసేవారికి నా మాటగా చెప్పండి. ఉద్యాన శాఖలో, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం లాంటి చోట్ల చదువుకున్నవాళ్లున్నారు. నాకన్నా వెయ్యి రెట్లు వివరంగా చెబుతారు, అడగండి.

నరసాపురం సోదరి చిరునామా పత్రికలో వెయ్యక్కర్లేదు. నా ఫోన్ నంబరు ఈ కవరు వెనక రాశాను, అది మాత్రం ఆవిడకి చేర్చండి. ఆవిడ తన మడి తవ్వి చూసుకున్నాక కూడా పూసే సైజువి చాలకపోతే, నేను పంపుతాను. ఈ కనుమ వెళ్లాక తవ్వినవి మా గదిలో గోనె మీద ఆరుతున్నాయి. ఉసిరికాయంతవి ఏరి, 25 ప్రజ్వల్, 15 మా పాత రకం, విడివిడిగా వల సంచుల్లో కట్టి మా ఆవిడ పక్కన పెట్టింది. పాతవాటి సంచికి ఎర్ర దారం కట్టింది, కలిసిపోకుండా. ఆర్టీసీ కార్గోలో వేస్తాను, డబ్బులు కట్టే పంపుతాను. ఆవిడ నరసాపురం బస్టాండులో తీసుకుంటే చాలు. శివరాత్రికి ఇంకా మూడు వారాలుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
మండపేట.